బొమ్మలో మిగిలిన అడవి

సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని సంఘం వారు అడిగినప్పుడు, మన తాతముత్తాతలు ఎక్కిన ఓడల గురించే వ్రాస్తానని అనుకొని ఉంటారు. ఆ కథ మన సంచికలలో చాలాసార్లు వచ్చింది, ఇంకా రావలసి కూడా ఉంది. కాని ఈసారి నేను ఒక బొమ్మ గురించి, ఆ బొమ్మను చూసి మనుషులు తిరిగి పెంచిన ఒక అడవి గురించి వ్రాయదలచాను. ఆ అడవి మన క్రాన్‌బర్న్ నుంచి పడమరగా కారులో దాదాపు నాలుగు గంటల ప్రయాణం. దారిలో ఒకసారి నాగార్జునకొండకు కూడా పోయివద్దాము. పాఠకులు విసుగు చెందరని ఆశిస్తాను.

ముందుగా ఒక మాట సంగతి. ఇంగ్లీషులో 'సబ్లైమ్' అని ఒక పదం ఉంది. దీనిని మన భాషలో ఏమంటారని సాయంకాలపు తెలుగు తరగతిలో మా పంతులమ్మగారిని అడిగాను. ఆమె 'ఉదాత్తము' అన్నారు, 'భవ్యము' అన్నారు. కాసేపు ఆలోచించి, "ఒక్క పదంతో కుదరదు మాస్టారూ, అద్భుతమూ భయానకమూ రెండు రసాలూ ఒకేసారి కలిగితే అది" అన్నారు. నాకు ఈ మూడో జవాబే నచ్చింది. పెద్ద కొండ ముందు, పొంగే నది ముందు నిలబడినప్పుడు నోట మాట రాదు, చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమా అని మన పెద్దలు అన్నది అటువంటి చోటనే.

1757లో ఎడ్మండ్ బర్క్ అనే ఆయన ఈ విషయం మీద ఒక పుస్తకమే ప్రకటించారు. ఆయన వాదం స్థూలంగా ఇది: మనలను మించిన బలమేదో మన ముందు నిలబడాలి, అది భయం పుట్టించాలి, కాని మనం మాత్రం క్షేమంగా ఉండాలి. అప్పుడు ఆ భయంలోనే ఒక విధమైన ఆనందం కలుగుతుంది. అంటే తుఫాను ఒడ్డున నిలబడినవాడికి అందంగా ఉంటుంది. మన తాతలు ఓడలో ఉన్నారు కనుక వారిని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

మన సాహిత్యంలో ఈ భావానికి లోటేమీ లేదు. పోతన భాగవతంలో వామనుడు త్రివిక్రముడుగా పెరిగే ఘట్టం తెలియని తెలుగువారు ఉండరు, తెలుగు చదవడం రాని మన ఇళ్ళలో కూడా ఆ కథ వినే ఉంటారు. అక్కడ నేను గమనించినది ఒకటి ఉన్నది. పోతన ఊరికే 'పెద్దవాడయ్యాడు' అని చెప్పి వదలలేదు. ఆకాశంలో ఉన్న సూర్యబింబాన్ని గుర్తుగా పెట్టుకొని, ఆయన శరీరంలో ఏ భాగం ఎంత ఎత్తుకు వచ్చిందో వరుసగా చూపించాడు. ఆశ్చర్యపోయాడు, కాని కొలత మరవలేదు. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి, దీనితో పని ఉంది.

ఇక బొమ్మ సంగతి. యూజీన్ ఫాన్ గెరార్ 1811లో వియన్నాలో పుట్టి, జర్మనీలోని డుసెల్డార్ఫ్‌లో చిత్రకళ నేర్చి, 1852 చివర బంగారం కోసం విక్టోరియాకు వచ్చారు. బల్లారట్ గనులలో అందరివలెనే ఆయనకూ పెద్దగా ఏమీ దొరకలేదు. మళ్ళీ కుంచె పట్టుకొన్నారు. 1855లో జేమ్స్ డాసన్ అనే భూస్వామి కోరిక మీద, వర్నంబూల్ దగ్గర ఉన్న టవర్ హిల్ అనే చల్లారిన అగ్నిపర్వతాన్ని చిత్రించారు. వేల సంవత్సరాల క్రితం పేలి చల్లబడిన పెద్ద బిలం, దానిలో సరస్సు, సరస్సు మధ్య చిన్న కొండలు, చుట్టూ దట్టమైన చెట్లు. చూడగానే ఆ పెద్దరికానికి మనసు తగ్గిపోతుంది. కాని దగ్గరకు పోయి చూస్తే ప్రతి మొక్కా విడివిడిగా కనిపిస్తుంది. ఆకు ఏ తీరున ఉంది, కొమ్మ ఎటు వంగింది, ఏది నీటి పక్కన పెరిగేది, ఏది గట్టున పెరిగేది అన్నీ తేటగా ఉంటాయి.

ఈ శ్రద్ధే తరువాత ఆయనకు చెడ్డపేరు తెచ్చింది. కాలం మారి, దూరం నుంచి చూసినప్పుడు కలిగే అనుభూతిని పట్టే చిత్రాలే గొప్పవని అనుకొనే రోజులు వచ్చాయి. 1870లో మెల్బోర్న్ 'ఆర్గస్' పత్రికలో జేమ్స్ స్మిత్ అనే విమర్శకుడు గెరార్‌ను, ఇంత చిన్న చిన్న వివరాలెందుకని తప్పుపట్టారు. అదే సంవత్సరం ఆయన మెల్బోర్న్ చిత్రకళాశాలకు మొదటి అధిపతి అయ్యారు. తరువాత 1882లో ఐరోపాకు తిరిగి వెళ్ళి, 1901లో లండన్‌లో కన్నుమూశారు.

ఇంతలో టవర్ హిల్ ఏమయింది? చెట్లు కొట్టారు. పశువులను తోలారు. రాళ్ళు తవ్వుకొన్నారు. 1892లో దానిని విక్టోరియా మొదటి జాతీయవనంగా ప్రకటించారు గాని, కాగితం మీద ప్రకటించినంత మాత్రాన గొర్రె మేయడం మానదు. ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి ఆ కొండలు బోడిగా మిగిలాయి. 1961లో ప్రభుత్వం ఆ స్థలాన్ని అభయారణ్యంగా చేసి మళ్ళీ చెట్లు నాటదలచింది. ఏ చెట్లు నాటాలి? అక్కడ ఏమి ఉండేవో చూసినవారు ఎవరూ బ్రతికి లేరు. అప్పుడు గెరార్ బొమ్మ జ్ఞాపకం వచ్చింది.

వృక్షశాస్త్రం తెలిసినవారు ఆ చిత్రాన్ని దగ్గర పెట్టుకొని మొక్కలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టారు. బడిపిల్లలు, స్వచ్ఛందంగా వచ్చినవారు లక్షలాది మొక్కలు నాటారు. 1966లో డాసన్ కుటుంబం వారు ఆ చిత్రాన్ని ప్రజలకు ఇచ్చివేశారు, అది వర్నంబూల్ చిత్రశాలలో ఉంది. ఈనాడు టవర్ హిల్‌లో ఈము పక్షులు దారికి అడ్డం నడుస్తాయి, కోలాలు కొమ్మల మీద నిద్రపోతాయి. నేను మా విద్యార్థులను అక్కడికి తీసుకొనిపోయినప్పుడు ఒక పిల్లవాడు "ఇది నిజం అడవేనా సార్, లేక బొమ్మ అడవా?" అని అడిగాడు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నాకు ఎదురైన మంచి ప్రశ్నలలో అది ఒకటి.

ఏ వివరాలను విమర్శకుడు దోషమన్నాడో, ఆ వివరాలే నూరేళ్ళ తరువాత విత్తనాలయ్యాయి. గెరార్ పొగమంచు కప్పి, నాలుగు గీతలతో 'భవ్యత'ను మాత్రమే చిత్రించి ఉంటే గదిలో గోడకు ఒక అందమైన బొమ్మ మిగిలేది, కొండ మీద ఒక్క మొక్క కూడా మొలిచేది కాదు. మన కాలానికి కావలసిన కళ ఎటువంటిదో నాకు ఇక్కడే అర్థమయింది. ఆశ్చర్యం మాత్రమే చాలదు, లెక్క మాత్రమే చాలదు. ఆశ్చర్యపోయిన కన్నే లెక్క కూడా వ్రాయాలి. పోతన చేసినది కూడా అదే గదా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గెరార్ చూసినది మనిషి చెయ్యి తగలని ప్రకృతి అనుకోరాదు. టవర్ హిల్ కొరాయిట్‌గుండిజ్ ప్రజల నేల. వారు తరతరాలుగా నిప్పుతో, వేటతో, దుంపలు తవ్వుకోవడంతో ఆ భూమిని కనిపెట్టుకొని ఉన్నారు. చరిత్రకారుడు బిల్ గామెజ్ 2011లో ప్రకటించిన పుస్తకంలో, ఆ కాలపు చిత్రాలనే సాక్ష్యంగా తీసుకొని ఈ ఖండమంతా ఆదిమవాసులు పెంచిన తోటవంటిదని వాదించారు. ఆయన వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు, కాని ఒక సంగతి నిశ్చయం. మనిషి చెయ్యి అన్నివేళలా ఉంది. ఎటువంటి చెయ్యి అన్నదే ప్రశ్న.

చెయ్యి అన్నాను కనుక, బర్క్ గారి దగ్గరకు మళ్ళీ పోదాము. తుఫానుకు, మనకు సంబంధం లేదన్న నమ్మకం మీద ఆయన సిద్ధాంతం నిలబడింది. ఆ నమ్మకానికి పగుళ్ళు ఆయన తరువాత నూరేళ్ళలోనే మొదలయ్యాయి. లండన్ మీద సూర్యుడు మసకబారి, ఎర్రగా, ఊదాగా కనిపించే మోనే చిత్రాలు లోకప్రసిద్ధం. ఆయన 1899 నుంచి 1901 వరకు అక్కడికి పోయి థేమ్స్ నదిని చిత్రించారు. ఆ అందం చాలా వరకు బొగ్గు పొగ. 2023లో ఇద్దరు శాస్త్రజ్ఞులు టర్నర్, మోనే చిత్రాలను వరుసగా కొలిచి చూసి, ఆయా సంవత్సరాలలో పెరిగిన పొగతోపాటు చిత్రాలలో రూపురేఖల స్పష్టత తగ్గుతూ, రంగులు వెలిసిపోతూ వచ్చాయని తేల్చారు. చిత్రకారుడు ఒప్పుకొన్నా లేకున్నా బొమ్మ సాక్ష్యం చెప్పింది.

మన విక్టోరియాలో నిప్పు సంగతి చూడండి. 1851 ఫిబ్రవరి 6న, 'నల్ల గురువారం' అని పేరుపడిన రోజున, ఈ రాష్ట్రంలో నాలుగో వంతు భూమి కాలిందని చెబుతారు. దానిని విలియం స్ట్రట్ లండన్‌లో కూర్చొని 1864లో పూర్తిచేశారు. మూడు మీటర్లకు మించిన పొడవు ఉన్న ఆ చిత్రం మెల్బోర్న్‌లోని రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది. మనుషులు, గుర్రాలు, గొర్రెలు, పక్షులు అన్నీ ఒకే దిక్కుకు పరుగెడుతుంటాయి. చూసేవాడు వణుకుతాడు, కాని ఇది ఎవరు చేసిన పని అని అడగడు. ఆ రోజులలో ఆ ప్రశ్నే లేదు.

2019 డిసెంబరు 31న మల్లకూట సముద్రతీరంలో వేల జనం నిప్పుకు వెరచి నీటి అంచున నిలబడ్డారు. పగటివేళ చీకటి పడింది, తరువాత ఆకాశమంతా కుంకుమ ఎరుపు అయింది. ఆ ఎరుపులో చిన్న పడవ నడుపుతున్న ఒక పిల్లవాడి ఫోటో, అతని తల్లి తీసినది, ప్రపంచమంతా చూసింది. మూతికి గుడ్డ కట్టుకొని చుక్కాని పట్టుకొన్న ఆ పిల్లవాడిని చూసి నా నోటివెంట మొదట "ఆహా" అనే వచ్చింది. వెంటనే "అయ్యో" వచ్చింది. ఆ రెండింటి మధ్య ఉన్న ఒక్క క్షణం గురించే ఈ వ్యాసమంతా. ఆ కాలంలో కాలిన భూమి దేశమంతటా 240 లక్షల హెక్టార్లకు మించిందని విచారణ సంఘం లెక్క కట్టింది. మానవులు పెంచిన వేడి వల్ల అటువంటి నిప్పు వాతావరణం వచ్చే అవకాశం కనీసం 30 శాతం పెరిగిందని శాస్త్రజ్ఞులు చెప్పారు. అంటే ఆ ఎర్రటి ఆకాశంలో మన ప్రతి ఒక్కరి కారు పొగా కొంత ఉన్నది. ఇప్పుడు ఒడ్డున నిలబడినవాడు లేడు. వామనుడుగా వచ్చి త్రివిక్రముడైనది ఈసారి మనిషే. మూడో అడుగు ఎవరి తల మీద పెడతాడో తెలియకుండా పెరుగుతున్నాడు.

ఈ 'ఆహా', 'అయ్యో' రెండూ మన తెలుగునేల మీద ఒకేచోట వినవలసివస్తే నాగార్జునకొండకు పోవాలి. కృష్ణానది లోయలో, మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల విజయపురి ఉండేది. స్తూపాలు, విహారాలు, పాలనాటి సున్నపురాతి మీద చెక్కిన బుద్ధుని కథలు. 1926లో ఆ శిథిలాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. లోయ మునిగిపోతుందని తెలిసినది కనుక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో తవ్వకాలు పరుగు మీద సాగాయి. నూరుకు పైగా కట్టడాల ఆనవాళ్ళు వెలికితీసి, కొలిచి, గీసి, ఫోటోలు తీశారు. కొన్నింటిని రాయి రాయిగా విప్పి కొండ మీదికి చేర్చి తిరిగి కట్టారు, కొన్నింటిని అనుపు దగ్గర నిలిపారు. మిగిలినవన్నీ నీటి కింద ఉండిపోయాయి. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు.

నేను పదవీవిరమణ తరువాత అక్కడికి పోయాను. లాంచీ బయలుదేరగానే నాలుగు దిక్కులా నీరు, దూరాన నల్లమల కొండలు. అంతకంటె భవ్యమైన దృశ్యం నేను ఆంధ్రదేశంలో చూడలేదు. పక్కన కూర్చున్న పెద్దాయన నా యాస విని, ఏ ఊరని అడిగి, "బాబూ, మా తాతగారి ఊరు మీ కాళ్ళ కిందనే ఉన్నది" అన్నారు. ముంపు గ్రామం వారు. ఆయన కోపంగా అనలేదు. ఆ ఊరిలో చింతచెట్టు ఎక్కడుండేదో చెయ్యి చాపి నీటి మీద చూపించారు. సాగర్ నీళ్ళతో పండిన బియ్యం లక్షల ఇళ్ళలో అన్నమయింది, ఆ అన్నం తిని ఆనకట్టను తిట్టడం నాకు చేతకాదు. అయితే శిల్పాలకు కొలతలు తీసుకొన్నంత శ్రద్ధగా ఆ చింతచెట్టుకు, ఆ వీధులకు కూడా ఎవరైనా బొమ్మ గీసి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది.

మన ఊరికి వద్దాము. క్రాన్‌బర్న్‌లో మన రాయల్ బొటానిక్ గార్డెన్స్ స్థలం 363 హెక్టార్లు, 1970లో సేకరించడం మొదలుపెట్టారు, 1989లో ప్రజలకు తెరిచారు. అందులో ఉన్న ఆస్ట్రేలియన్ గార్డెన్ ఒకప్పటి ఇసుక క్వారీ. ఇసుక తవ్వుకుపోగా మిగిలిన గుంతలో టేలర్ కల్లిటీ లెత్‌లీన్ అనే సంస్థవారు, మొక్కల పండితుడు పాల్ థామ్సన్‌తో కలిసి, 2006లో మొదటి భాగం, 2012లో రెండో భాగం పూర్తిచేశారు. 2013లో ప్రపంచ వాస్తుశిల్ప ఉత్సవంలో దానికి ఆ సంవత్సరపు ఉత్తమ ఉద్యానమని బహుమతి వచ్చింది. మన పిల్లలకు అక్కడి నీటిలో ఆడుకోవడం తెలుసు, ఈ సంగతి తెలియదు.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురయ్యేది ఎర్ర ఇసుక. ఖండం నడిమధ్య ఎడారిని ఒక పళ్ళెంలో పెట్టి చూపినట్టు ఉంటుంది. దాని పక్కన నీరు లేని సరస్సు ఉంది, మార్క్ స్టోనర్, ఎడ్వీనా కియర్నీ అనే శిల్పులు చేసినది. ఎండిపోయిన సరస్సు అడుగున మిగిలే ఉప్పు చారలవంటి తెల్లటి ఆకారాలు. నీటిని చూపకుండానే నీటి మీద దాహం పుట్టిస్తారు. అక్కడినుంచి నడిస్తే నీరు కొద్దికొద్దిగా కనబడుతూ చివరకు సముద్రతీరం తీరుకు చేరుతుంది. ఇది ప్రకృతి కాదు, కళ. తవ్విన గుంతను పూడ్చి పచ్చిక పరచి ఏమీ జరగనట్టు చేయవచ్చు. వీరు అలా చేయలేదు. నాకు ఆ తోటలో నచ్చినది ఆ నిజాయితీయే, బహుమతి కాదు.

తోట చుట్టూ ఉన్న పొదలలో ఒక చిన్న జంతువు ఉంది, గోధుమరంగు బ్యాండికూట్. దీనిని దేశమంతటా అంతరించే ప్రమాదమున్న జంతువుల జాబితాలో చేర్చారు. నక్కలు, పిల్లులు ఒకవైపు, మన కొత్త ఇళ్ళ వరుసలు ఇంకొకవైపు. 'బ్యాండికూట్' అనే ఇంగ్లీషు మాట మన 'పందికొక్కు' నుంచే వచ్చింది. తెల్లవారు మన దేశంలో పందికొక్కును చూసి పేరు నేర్చుకొన్నారు, ఇక్కడ వేరే జంతువును చూసి దానికి ఆ పేరే పెట్టారు. నిజానికి ఇది ఎలుకజాతి కాదు, కంగారూవలె సంచిలో పిల్లలను పెంచుతుంది. ఏమైనా, మనకంటే ముందే ఒక తెలుగు మాట క్రాన్‌బర్న్ పొదలలో కాపురం పెట్టింది. మన పిల్లలు పెరటి తలుపు తెరిచి పిల్లిని రాత్రివేళ బయటకు వదిలేముందు ఈ బంధుత్వం తెలుసుకొంటే మంచిది.

ఇక్కడికి ఆగ్నేయంగా కూ వీ రప్ ఉన్నది కదా. ఇప్పుడు ఆస్పరాగస్ పండే పొలాలు. అంతకు ముందు అది విశాలమైన చిత్తడి నేల, పక్షుల రాజ్యం. 1889 నుంచి 1893 లోపల పెద్ద కాలువ తవ్వి నీటిని సముద్రంలోకి పంపారు. ఫిజీలో మా తాత 1903 తరువాత మద్రాసు రేవు నుంచి గిర్మిట్ మీద పోయినవారు. పొదలు నరికి, వాగులు మళ్ళించి, చెరకు వేసినవారిలో ఆయన ఒకరు. ఆ పని ఆయన కోరి చేయలేదు, కంపెనీ చేయించింది. కాని చెయ్యి ఆయనదే. ఆ నేల అంతకు ముందు ఎలా ఉండేదో ఆయన చూశారు, చెప్పడానికి అక్షరాలు లేవు, గీయడానికి కాగితం లేదు. మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక ఫోటో. అందులో ఆయన వెనుక కనిపించేది ఒక చెట్టు, దాని పేరు మాకెవరికీ తెలియదు. దాని ఆకులు బాగానే పడ్డాయి కనుక తెలిసినవారికి చూపించబోతున్నాను.

కనుక పాఠకులకు ఒక విజ్ఞప్తి. ఫిజీలో గాని, మారిషస్‌లో గాని, దక్షిణాఫ్రికాలో గాని, మలేషియాలో గాని, ఇక్కడ క్రాన్‌బర్న్‌లో పొలాలున్న రోజులలో గాని తీసిన పాత ఫోటోలు మీ ఇళ్ళలో ఉంటాయి. మనుషుల ముఖాలు మసకబారినవని పారవేయవద్దు. వెనుక కనిపించే చెట్టు, వాగు, గట్టు చూడండి. వచ్చే ఉత్సవానికి వాటిని తీసుకొనివస్తే సంఘం హాలులో ఒక గోడకు వరుసగా పెడతాము. పిల్లలు ఆ చోట్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో బొమ్మలు గీసి పక్కన అంటించవచ్చు, రంగులు నేను తెస్తాను. ఫోటో వెనుక ఊరి పేరు, సంవత్సరం తప్పక వ్రాయండి. పెన్సిలుతో, మెల్లగా వ్రాయండి. సిరా అయితే బొమ్మవైపుకు దిగుతుంది.